ఏరు కోసుకుపోయిన ఎకరన్నర

మొన్నొక పొద్దున్న పొయ్యి మీద కుక్కరు పెట్టి, కూరకి బెండకాయలు తరుక్కుంటూ కూర్చుంటే ఫోను మోగింది. ఎవరో అమ్మాయి. గొంతు బట్టి పాతికేళ్ళు మించవు. గ్రామ సచివాలయం నుంచి మాట్లాడుతున్నానని, ఊళ్ళో భూములు మళ్ళీ కొలుస్తున్నారని, లంకలో నా పేరున ఎకరన్నర ఉన్నట్టు కాగితాల్లో కనిపిస్తోందని, శుక్రవారం నాడు వచ్చి హద్దులు చూపించగలనా అని ఎంతో మర్యాదగా అడిగింది. నాకు ముందు నవ్వొచ్చింది. "అమ్మా, నా భూమికి నాలుగు హద్దులూ గోదారేనమ్మా. అది ఏట్లో కలిసిపోయి చాలా ఏళ్ళయింది" అన్నాను. ఆ పిల్ల కంగారుపడింది. "అయ్యో, అలాగాండీ. తెలియక అడిగానండి. అయితే మీరు శ్రమపడి రావద్దులెండి, ఏటి కోతకి పోయిందని రాసుకుంటానండి" అని పెట్టేసింది. రాసుకోవడానికి అంతే, రెండు ముక్కలు. నేను మాత్రం కత్తిపీట ముందు నుంచి లేవలేకపోయాను. కుక్కరు ఎన్ని కూతలు వేసిందో కూడా తెలియలేదు.

నా ఈడువాళ్ళకి చెప్పనక్కర్లేదు, మా రోజుల్లో పల్లె నుంచి పట్నానికి పోయేవాళ్ళే గాని పట్నం నుంచి పల్లెకి వచ్చేవాళ్ళు లేరు. ఎవరైనా వచ్చారంటే అక్కడేదో చెడి వచ్చారనుకునేవారు. మేము ఏమీ చెడకుండానే వచ్చాం. హైదరాబాదులో మా వారు ఒక మందుల ఫ్యాక్టరీలో స్టోర్ కీపరు, నేనొక ప్రైవేటు ఆఫీసులో టైపిస్టుని. మూడో అంతస్తులో రెండు గదుల కాపురం. ఆయన షిఫ్టు దిగి వచ్చేసరికి నేను బస్సు కోసం పరుగు తీస్తుండేదాన్ని, నేను ఇల్లు చేరేసరికి ఆయన నిద్రలో ఉండేవారు. మూత పెట్టిన అన్నం గిన్నె, దాని పక్కన ఒక చీటీ, ఇవే మా ఇద్దరి కబుర్లు. పిల్లలు కలగలేదు. ఆ సంగతి ఇక్కడ ఒక్కసారి చెప్పి ఊరుకుంటాను. నేను రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగినదాన్ని, మాకంటూ జానెడు నేల ఎన్నడూ లేదు, అందుకేనేమో నాకు మట్టి అంటే పిచ్చి. మేడ మీద పిట్టగోడ వెంట పాత నూనె డబ్బాల్లో గోంగూర, మెంతికూర, రెండు వంగ మొక్కలు పెంచుకునేదాన్ని. ఆయన కోనసీమ రైతుబిడ్డ అయివుండీ ఆ డబ్బాల వంక కన్నెత్తి చూసేవారు కాదు.

అలా పదిహేనేళ్ళు గడిచాక, మా వారి మేనత్త, నేనూ అత్తయ్యగారనే పిలిచేదాన్ని, కంటి ఆపరేషను కోసం వచ్చి మా ఇంట్లో నెల్లాళ్ళున్నారు. భర్త పోయిన మనిషి, డెబ్బై ఏళ్ళు దాటాయి, అయినా ఊళ్ళో తన సేద్యం తానే చూసుకుంటూ ఒక్కరే ఉండేవారు. ఒక కంటికి కట్టు ఉండగానే గోడ పట్టుకుని మేడెక్కి, నా వంగ ఆకులు వేళ్ళతో తడిమి చూసి, "డబ్బాలోనే ఇలా కాయించావంటే, నేల చూపిస్తే ఊరుకుంటావా అమ్మాయ్" అన్నారు. లంకలో తనకి ఎకరన్నర ఉందని, కౌలుకి చేసేవాళ్ళు వదిలేసి పోయారని, మేము వచ్చి చేసుకుంటామంటే సంతోషంగా ఇస్తానని చెప్పారు. గోదావరి పాయల మధ్య ఒండ్రు మేట వేసి లేచిన దిబ్బల్నే మా వైపు లంకలంటాం. ఆ మట్టిలో పండనిది లేదు, కానీ దాని తలరాత మాత్రం ఏటి చేతిలో ఉంటుంది.

మా వారు ఒక్క మాటలో కొట్టిపారేశారు. లంకలో సేద్యమంటే ఏటి మీద మంచం వేసుకుని పడుకోవడమేనని వాళ్ళ నాన్నగారు అనేవారట. వరసగా రెండేళ్ళు పంట వరదలో పోయి, ఆ పెద్దాయన మాటా పలుకూ లేకుండా అరుగు మీద కూర్చుండిపోవడం చూసే, ఇంటరు పూర్తవగానే ఈయన పట్నం బస్సెక్కేశారు. ఆ సంగతి పెళ్ళయిన పదిహేనేళ్ళకి, అత్తయ్యగారి నోటి వెంట నాకు తెలిసింది. అయినా నేను వదిలిపెట్టలేదు. ఒక ఏడాదిపాటు చీటీల మీద అన్నం సంగతికి బదులు లంక సంగతే రాశాను. చివరికి ఒక ఆదివారం నాడు ఆయనే, రెండేళ్ళు చూద్దాం, రెండేళ్ళు కాగానే మాట్లాడకుండా వెనక్కి వచ్చేయాలి అని షరతు పెట్టి ఒప్పుకున్నారు.

కార్తీకమాసంలో, వరద తీసి నేల ఆరాక వచ్చాం. రేవులో పడవలోకి ట్రంకు పెట్టె, గ్యాసు బండ, రెండు మంచాలు ఎక్కించి మేము ఎక్కితే, పడవాయన మా బూట్ల వంకా చెప్పుల వంకా చూసి నవ్వు ఆపుకోలేకపోయాడు. మా పొలంలో ఎత్తయిన దిబ్బ మీద తాటాకు పాక వేయించి పెట్టారు అత్తయ్యగారు. మొదటి వారంలోనే నేను వంగ నారు మిట్టమధ్యాహ్నం నాటాను. సాయంత్రానికి అవి మెడలు వేలాడేశాయి. మర్నాడు ఆవిడ తొలి పడవకే వచ్చి, చీర కుచ్చిళ్ళు దోపుకుని, పొద్దు వాలాకే నాటాలని, నాటిన వెంటనే వేళ్ళు తడిసేలా చెంబుతో నీళ్ళు పోయాలని చెబుతూ మళ్ళీ వరసలన్నీ నా చేత నాటించారు. ఒక్క మాట తిట్టలేదు. ఆవిడ నేర్పింది రాసుకుంటే ఒక పుస్తకం అయ్యేది, అప్పుడు రాసుకోవాలని తోచలేదు.

ఆ మట్టి సంగతి ఎలా చెప్పను. పిడికిట్లో పట్టుకుంటే పిండిలా మెత్తగా, చల్లగా ఉండేది, రాయన్నది కనబడేది కాదు. తొలి కాపు వంకాయలు కోసిన రోజున నా చేతులకి ముళ్ళు గుచ్చుకుని రక్తం వస్తున్నా నాకు తెలియలేదట, మా వారు చూసి చెప్పారు. గంపలు పడవకెత్తి, అవతలి రేవులో ఆటోలోకి మార్చి ఆయన బజారుకి వెళ్తే, తిరిగి వచ్చేదాకా నేను ఒడ్డునే తచ్చాడుతూ ఉండేదాన్ని. గంపలు ఖాళీ అయ్యాయని ఆయన దూరం నుంచే బోర్లించి చూపించేవారు.

అందరికంటే ఎక్కువగా మారిన మనిషి ఆయనే. మట్టిలో కాలు పెట్టనని ఒట్టేసుకున్న మనిషి, లేచీ లేవగానే పని ఏమీ లేకపోయినా పొలంలోకి వెళ్ళి ఊరికే నిలబడేవారు. కలుపు తీస్తూ వాళ్ళ నాన్నగారి సంగతులు చెప్పేవారు, తన చిన్నప్పటి సంగతులు చెప్పేవారు. ఈ మనిషి ఇన్ని మాటలు ఎక్కడ దాచుకున్నాడా అనిపించేది నాకు. రెండేళ్ళ గడువు ఎప్పుడు దాటిపోయిందో ఇద్దరిలో ఎవరమూ గుర్తు చేయలేదు.

వరద రాలేదనుకునేరు. మొదటి శ్రావణంలోనే ఎర్రనీరు వచ్చింది. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక వేశారని రేడియోలో చెప్పగానే సామాను పడవకెత్తుకుని అత్తయ్యగారింటికి చేరాం. ఆవిడ ఇల్లు ఏటిగట్టు పక్కనే. గట్టు మీద నిలబడి చూస్తే లంక లేదు, మా పాక కొప్పు ఒక్కటే నీళ్ళమీద కనిపిస్తోంది. నేను ఏడ్చాను. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి, "ఏడవకే. ఏరు మన పొలానికి పుట్టింటి సారె మోసుకొస్తోందనుకో. ఒట్టి చేతులతో రాదు అది" అన్నారు. నిజంగానే నీరు తీశాక చూస్తే పొలం నిండా జానెడు మందాన కొత్త ఒండ్రు పరుచుకుని ఉంది. ఆ ఏడు కాసినంత కాపు మళ్ళీ చూడలేదు. అప్పటినుంచి ఏటా వరదకి గట్టెక్కడం, నీరు తీశాక వచ్చి పాక మళ్ళీ కప్పుకోవడం మాకూ అలవాటైపోయింది.

నాలుగో ఏట అత్తయ్యగారు ఆ ఎకరన్నర నా పేరున రాయించారు. మేనల్లుడి పేరున కాకుండా నా పేరున ఎందుకని ఎవరో అడిగితే, అడిగి వచ్చింది అమ్మాయి కదా అన్నారట. ఆ మరుసటి ఏడు ఆవిడ పోయారు, నాలుగు రోజుల జ్వరంతో, ఎవరి చేతా ఏమీ చేయించుకోకుండా. తన నేల పోవడం చూడకుండా పోయారని తర్వాత్తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

ఏడో ఏట వరదలో ఏరు తన నడక మార్చుకుంది. ఎందుకు మారిందని అడిగితే తలొకరూ తలొక కారణం చెప్పారు. మేము చూసింది మాత్రం, తిరిగి వచ్చేసరికి తూర్పు వైపు అరటి వరస లేదు. అక్కడ ఒడ్డు గోడలా నిట్టనిలువుగా తెగి ఉంది, కింద నీరు సుడులు తిరుగుతోంది. ఆ తర్వాత వరదతో పని లేకుండానే కోత మొదలైంది. నడి మధ్యాహ్నం, గాలి కూడా లేని వేళ, దబ్బుమని ఒక చప్పుడు వినిపించేది. పరుగెత్తి వెళ్ళి చూస్తే మంచం పట్టేంత నేల మొక్కలతో సహా నీళ్ళలోకి జారిపోయి ఉండేది. వంకాయలు ఇంకా చెట్లకి ఉండగానే తేలుకుంటూ పోవడం చూశాను నేను. మా వారు ఒడ్డు పొడవునా రెల్లు దుబ్బులు నాటారు, ఇసుక బస్తాలు పేర్చారు, వెదురు కట్టారు. ఏరు వాటినీ తీసుకుంది.

ఎనిమిదో ఏడు గడిచేసరికి నలభై సెంట్లు మిగిలింది. నాకు భయం పట్టుకుంది. పాక దాకా ఎన్ని అడుగులున్నాయో రోజూ కొలిచేదాన్ని. ఒకనాడు ఆయన వంగ నారు పోయడానికి మడి కడుతుంటే, ఇంక చాలండి, పోదాం, రాజమండ్రిలో ఏదైనా చూసుకుందాం అన్నాను. ఆయన తలెత్తకుండా, "నన్నిక్కడికి తెచ్చింది నువ్వు. ఇప్పుడు పొమ్మంటే నేనెక్కడికి పోను?" అన్నారు. కోపంగా అనలేదు, అందుకే నాకు ఎక్కువ తగిలింది. రెండు రోజులు మా మధ్య మాటల్లేవు. మూడో రోజు నేనే వెళ్ళి పక్కన కూర్చుని మడికి నీళ్ళు పోశాను. ఆ నారు నాటాం. ఒక కాపు కోశాం కూడా. ఆ గంపలు దించుకున్న షావుకారు, లంక కాయల రుచే వేరండి అన్నాడని ఇంటికి వచ్చి చెప్పి, ఆయన చాలాసేపు ఆ మాటే తలుచుకున్నారు.

ఆ శ్రావణంలో మళ్ళీ ఏరు పొంగింది. పదకొండు రోజులు గట్టు మీదే ఉన్నాం. నీరు తీసిందనగానే పడవెక్కాం. పడవాయన ఎప్పుడూ కబుర్లు చెబుతూ గెడ వేసేవాడు, ఆ రోజు నీళ్ళ వంకే చూస్తూ వేశాడు. ఏటి మధ్యలో ఒకచోట పడవ నిదానం చేసి, గెడ గుచ్చి ఆపాడు. ఒడ్డు ఎక్కడా లేదు. ఎందుకాపాడో నాకు తెలియక అతని ముఖంలోకి చూశాను. "ఆయ్, ఇక్కడేనండి" అన్నాడు, తల దించుకుని. చుట్టూ ఎర్రటి నీళ్ళు, పైన ఎండ. మా వారు వంగి మోచేతి దాకా చెయ్యి నీళ్ళలో పెట్టి, అలాగే ఉండిపోయారు. నేను ఆయన చొక్కా అంచు పట్టుకుని కూర్చున్నాను. ఎంతసేపని పడవాయనా అడగలేదు. తర్వాత ఆయనే చెయ్యి తీసి తుడుచుకుని, పదండి పోదాం అన్నారు.

రాజమండ్రిలో చిన్న వాటా అద్దెకు తీసుకున్నాం. ఆయన ఒక విత్తనాల కొట్లో కుదిరారు, నేను నాలుగిళ్ళ పిల్లలకి ట్యూషన్లు చెప్పాను. కొట్టుకి వచ్చిన రైతులు వంగకి పుచ్చు పడుతోందని, ఆకు ముడుచుకుంటోందని ఆయన్నే వెతుక్కుంటూ వచ్చి అడిగేవారట. ఏళ్ళు గడిచాక ఒకసారి పెళ్ళికి ఆ వైపు వెళ్తూ పాత రేవు దగ్గర ఆగాం. దిగువన, ఏటికి అవతలి పక్కగా కొత్త మేట లేచి ఉంది. పచ్చగా ఎవరిదో మొక్కజొన్న. అక్కడిదాకా వెళ్దామని ఆయన అడిగితే పడవలో వెళ్ళాం. చేలో పనిచేసుకుంటున్న రైతు మమ్మల్ని ఎవరో నేల కొనడానికి వచ్చినవాళ్ళనుకున్నాడు. మా వారు వంగి పిడికెడు మట్టి తీసుకుని, నలిపి, అరచేతిలో చాలాసేపు చూసుకున్నారు. అది ఎక్కడినుంచి కొట్టుకొచ్చి ఉంటుందో ఆయన ఒక్క ముక్క కూడా అనలేదు. "మంచి మన్నండి. పొద్దు వాలాక నాటుకోండి, ఏం వేసినా పండుతుంది" అని మాత్రం ఆ రైతుకి చెప్పి పడవెక్కారు.

ఆయన పోయి మూడేళ్ళవుతోంది. ఆ రేవులో ఇప్పుడు పడవ లేదని, పైనుంచి వంతెన వేశారని, లంకల్లోకి కార్లు తిన్నగా వెళ్ళిపోతున్నాయని విన్నాను. సెలవు దొరికితే పట్నాల నుంచి కుర్ర జంటలు వచ్చి సేద్యానికి నేల చూసుకుంటున్నారని కింది వాటా వాళ్ళ అల్లుడు చెబుతుంటాడు. మంచిదే. వాళ్ళకి వాన ఎప్పుడు పడేదీ, ఏ పురుగుకి ఏ మందు కొట్టాల్సిందీ ఫోన్లోనే తెలిసిపోతుంది. మాకు తెలియనివే ఎక్కువ. తెలియకనే ఒకరినొకరం అడుక్కుంటూ, తప్పులు చేసి సర్దుకుంటూ, పదిహేనేళ్ళ కాపురంలో ఆడుకోని మాటలన్నీ ఆ తొమ్మిదేళ్ళలో ఆడుకున్నాం. నేల మాటకేముంది, ఏరు ఇచ్చింది, ఏరు పట్టుకుపోయింది. సాయంత్రం పూట గాలి ఏటి మీదనుంచి తిరిగితే మాత్రం, ఈ గాలికి వాన పడుతుందంటారా అని అడగబోయి, గదిలో నేనొక్కదాన్నే ఉన్నానని గుర్తొచ్చి, ఆగిపోతూ ఉంటాను.