బార్లీ ఫ్యాక్టరీలో మామయ్యగారు

గోవా దాకా వెళ్ళి, విస్కీ తయారుచేసే చోట టికెట్ కొని లోపలికి పోయి, మంచినీళ్ళు తాగి బయటికొచ్చిన మనిషిని ఎప్పుడైనా చూశారా? చూడకపోతే ఇటు చూడండి, నేనే. కూర్చోండి, టీ తాగుతూ వినండి. పోయిన నెల్లోనే జరిగింది, ఇంకా వేడి తగ్గలేదు.

మాది ముగ్గురి బ్యాచ్. నేను ఇన్సూరెన్స్ ఆఫీసులో పని చేస్తానని మీకు తెలుసుగా. ప్రసాద్‌ది రొయ్యల మేత వ్యాపారం. సుధాకర్ పళ్ళ డాక్టరు, అందుకని నోటికి సంబంధించిన ఏ విషయమైనా తనకే తెలుసంటాడు. ఆదివారం మధ్యాహ్నం కంకిపాడు అవతల ప్రసాద్ వాళ్ళ పొలంలో ఉన్న గదిలో కూర్చుంటాం. మేం తాగుబోతులం కాదండోయ్! గట్టిగా అయితే మనిషికి రెండు పెగ్గులు. మిగతాదంతా మాటలే. ఈ బాటిల్ హైదరాబాద్‌లో ఎంత, గోవాలో ఎంత, దుబాయ్ డ్యూటీఫ్రీలో ఎంత? ఎవడు చవగ్గా తెచ్చాడో వాడు ఆ రోజుకి రాజు. రుచుల దగ్గరికొస్తే ఇంకా గోల. సుధాకర్ కళ్ళు మూసుకుని "వెనిలా... తర్వాత ఎండు ఖర్జూరం..." అంటాడు. ప్రసాద్ "నాకు కాలిన తాటాకు వాసనొస్తోందిరా" అంటాడు. నాకు ఏ వాసనా రాదు. ముందు రోజు యూట్యూబ్‌లో చూసుకుని వెళ్ళి, "ఫినిష్ లాంగ్‌గా ఉంది" అంటాను. మింగాక రుచి చాలాసేపు నిలుస్తోందని అర్థమట, ఏ విస్కీకైనా సరిపోయే మాట.

ఇలా ఉండగా సుధాకర్ గోవాలో ఒక డిస్టిలరీ గురించి చెప్పాడు. లోపలంతా తిప్పి చూపిస్తారట, చివర్లో కూర్చోబెట్టి రుచి చూపిస్తారట. "ఎన్నాళ్ళని బాటిళ్ళ మీద లేబుళ్ళు చదువుతాం రా? అది పుట్టే చోటు చూడొద్దూ?" అన్నాడు. చూడాల్సిందేనన్నాం.

సమస్యల్లా ఇంట్లో. మా ఆవిడ లలితకి నా సంగతి కొంచెం తెలుసు. "ఎప్పుడన్నా ఫ్రెండ్స్‌తో ఓ పెగ్గు" అని నేను చెప్పినంత మేరకు తెలుసు. కానీ ఆ పెగ్గు కోసం రైలెక్కి ఇంకో రాష్ట్రం పోతున్నానంటే ఊరుకుంటుందా? అందుకని రాత్రి భోజనాల దగ్గర, సాంబారు కలుపుకుంటూ, చాలా మామూలుగా అన్నాను.

"గోవాలో మంచి పాత గుళ్ళున్నాయట లలితా. ప్రసాద్, సుధాకర్ వెళ్తున్నారు. నన్నూ రమ్మంటున్నారు."

లలిత గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది. బెజవాడలో పుట్టి పెరిగి, చుట్టాలొస్తే తప్ప దుర్గ గుడి మెట్లెక్కని మనిషిని నేను. నా మొహంలోకి కాసేపు చూసి, "మంచిదండీ" అంది. అమ్మయ్య అనుకున్నాను.

"అయితే నాన్నగారిని కూడా తీసుకెళ్ళండి. అమ్మ పోయాక ఆయన ఎక్కడికీ కదల్లేదు. గుళ్ళంటే కాదనరు."

ఏమని కాదంటాను చెప్పండి? గుళ్ళన్నది నేనే!

మా మామయ్యగారి గురించి చెప్పాలి. సుబ్రహ్మణ్యం మాస్టారంటే కంకిపాడు చుట్టుపక్కల ఎవరైనా చెప్తారు. హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యారు. తెల్ల చొక్కా, జేబులో పెన్ను, మాట పొదుపు. చుట్ట, బీడీ, మందు - వీటి పేర్లు కూడా వాళ్ళింట్లో వినపడవు. నన్ను "బాబూ" అనీ, "మీరు" అనీ పిలుస్తారు. పెళ్ళయి ఇరవై ఏళ్ళు దాటినా ఆయన ముందు నేను కుర్చీలో వెనక్కి వాలి కూర్చోలేదు. అలాంటి మనిషిని వెంటేసుకుని విస్కీ యాత్ర!

ప్రసాద్‌కి ఫోన్ చేసి చెప్తే ముందు నవ్వాడు, తర్వాత తిట్టాడు, ఆఖరికి "పొద్దున్న గుళ్ళు తిప్పుదాం. మధ్యాహ్నం ఆయన పడుకుంటారు కదా, అప్పుడు మనం జారుకుందాం" అన్నాడు. బ్రహ్మాండమైన ప్లాన్ అనుకున్నాం.

గోవాలో దిగిన రోజు పొద్దున్నే గుళ్ళకి వెళ్ళాం. మామయ్యగారు చాలా సంతోషపడ్డారు. ఆ దీపస్తంభాలు చూసి, కట్టడాలు చూసి, ప్రతి చోటా ఆగి, "మంచి పని చేశారు బాబూ, నన్ను తీసుకొచ్చి" అన్నారు. నాకు లోపల ఎక్కడో గుచ్చుకుంది కానీ, భోజనం టైముకి మర్చిపోయాను.

భోజనాలయ్యాయి. "మామయ్యగారూ, కాస్త నడుం వాల్చండి. మేం ముగ్గురం అలా బయటికెళ్ళొస్తాం" అన్నాను.

ఆయన చెప్పులు వేసుకుంటున్నారు. "గోవా దాకా వచ్చి పడుకోవడమేంటి బాబూ? పదండి, నేనూ వస్తాను. ఎక్కడికి?"

నేను ప్రసాద్ వంక చూశాను. ప్రసాద్ సుధాకర్ వంక చూశాడు. సుధాకర్ సీలింగ్ ఫ్యాను వంక చూశాడు. చివరికి ప్రసాదే తెగించాడు.

"బార్లీ ఫ్యాక్టరీ మాస్టారూ! బార్లీ తీసుకున్నాక మిగిలే పిప్పి మేతకి పనికొస్తుందట. నా వ్యాపారం పని మీద కనుక్కుందామని."

"అబ్బో, చాలా ఉపయోగపడే పని" అన్నారు మామయ్యగారు. అంతే, నలుగురం కారెక్కాం.

డిస్టిలరీ గేటు దగ్గర దిగగానే గాలిలో పులుపు వాసన. మామయ్యగారు ఆగి ఓసారి పీల్చి, "ఇడ్లీ పిండి పులిసినట్టుందే" అన్నారు. నేను గబగబా ముందుకెళ్ళి, మమ్మల్ని తిప్పి చూపించబోయే గైడ్ అమ్మాయిని పక్కకి పిలిచి, నా ఇంగ్లీషులో బతిమాలాను. "మేడమ్, దట్ ఓల్డ్ జెంటిల్‌మన్ ఈజ్ మై ఫాదరిన్‌లా. ప్లీజ్, విస్కీ అనే మాట వాడొద్దు."

ఆ పిల్ల నన్ను ఎలా చూసిందంటే, పెళ్ళికొచ్చి పెళ్ళి మాట ఎత్తొద్దన్నవాణ్ణి చూసినట్టు చూసింది. కానీ మంచిది. "ష్యూర్ సర్" అని, అక్కణ్ణుంచి పాపం ప్రతి వాక్యంలోనూ "అవర్ ప్రోడక్ట్" అంటూ వచ్చింది.

మొదట బార్లీ బస్తాలు చూపించింది. నా గుండె కుదుటపడింది. పిప్పి చూపించి, చుట్టుపక్కల పశువులకి వేస్తారని చెప్పింది. ప్రసాద్ చెప్పిన అబద్ధం నిజమై కూర్చుంది! వాడు తనెందుకొచ్చాడో మర్చిపోయి, "రేటెంత, ఎండబెట్టి ఇస్తారా?" అని బేరాల్లోకి దిగిపోయాడు. ఫరవాలేదు, గట్టెక్కుతాం అనుకున్నాను.

తర్వాతి హాల్లోకి వెళ్ళాం. అద్దాల గోడ అవతల రాగి పాత్రలు. పాత్రలంటే మనం అనుకునేవి కాదు, ఇంత ఎత్తున, కింద గుండ్రంగా, పైకి పోనుపోను సన్నగా, మెడ వంచుకుని నిలబడ్డ ఏనుగుల్లా ఉన్నాయి. మెరిసిపోతున్నాయి.

మామయ్యగారు ఆగిపోయారు. అద్దం దగ్గరికి వెళ్ళారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత నెమ్మదిగా అడిగారు.

"బాబూ, బార్లీ ఫ్యాక్టరీలో కండెన్సర్ ఎందుకుంటుంది?"

నా చొక్కా వీపుకి అంటుకుపోయింది. సుధాకర్ రెండడుగులు వెనక్కి వేసి, ఎవరో తెలీనట్టు గోడ మీద ఫొటోలు చూడ్డం మొదలెట్టాడు. అయిపోయింది, ఇరవై ఏళ్ళ పరువు గోవాలో పోయింది అనుకున్నాను.

కానీ ఆయన నా వైపు చూడనే లేదు. అద్దం మీద వేలు పెట్టి గీస్తున్నారు. "ఇదిగో, ఇక్కడ వేడి చేస్తారు. ఆవిరి ఇలా పైకెళ్ళి, ఈ మెడలోంచి ఇటు వచ్చి, ఇక్కడ చల్లబడుతుంది. స్వేదనం. డిస్టిలేషన్. ఎన్నేళ్ళు ఈ బొమ్మ బోర్డు మీద గీశానో బాబూ. మా స్కూల్లో ఒకే ఒక్క గాజు కండెన్సర్ ఉండేది. పగుల్తుందని బీరువాలోంచి తియ్యనిచ్చేవారు కాదు. నేను రిటైరైన రోజు కూడా అది బీరువాలోనే ఉంది."

అద్దం మీంచి వేలు తీసి, "ఇది పనిచేస్తుండగా చూడ్డం ఇదే మొదటిసారి" అన్నారు.

ఇక చూస్కోండి! ఆ అమ్మాయిని కదలనిస్తేనా? మొదట వచ్చేదాన్ని వేరుగా తీసేస్తారా? చివర వచ్చేదాన్ని ఏం చేస్తారు? స్టీలు వాడొచ్చు కదా, రాగే ఎందుకు? ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. మొదటిదీ చివరిదీ పక్కకి తీసి మధ్యలోదే ఉంచుకుంటామనీ, గంధకం వాసనల్ని రాగి లాగేసుకుంటుందనీ చెప్పింది. "అవర్ ప్రోడక్ట్" ఎప్పుడో గాలికి పోయింది, విస్కీ విస్కీ అని బాహాటంగా అనేస్తోంది. రంగు కోసం బెల్లం పాకం పోస్తారేమో అన్నారు మామయ్యగారు. కాదు, చెక్క పీపాల్లో ఏళ్ళ తరబడి నిలవుంచితే చెక్కలోంచే రంగు దిగుతుందని ఆ పిల్ల చెప్తే, తప్పు దిద్దుకున్న పిల్లాడిలా తలూపారు. పీపాల్లోంచి ఏటా కొంత ఆవిరైపోతుందనీ, దాన్ని దేవదూతల వాటా అంటారనీ, మన ఎండలకి ఆ వాటా ఇంకా ఎక్కువనీ చెప్పింది. "దేవతలు కూడానా!" అని ఆయన నవ్వారు. అత్తయ్యగారు పోయాక ఆయన నవ్వగా చూడ్డం నాకదే మొదలు.

మాకు మాత్రం సిగ్గేసింది. ఇన్నేళ్ళుగా ధర గురించి కొట్టుకున్నాం కానీ, అసలిది ఎలా తయారవుతుందని మాలో ఒక్కడూ అడగలేదు.

చివరికి టేస్టింగ్ రూమ్. పొడవాటి బల్ల, మనిషికి మూడు చిన్న గ్లాసులు, పక్కన మంచినీళ్ళు. మామయ్యగారు ఒక గ్లాసు తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "అరటిపండు" అన్నారు. "ఎస్టర్ అనే రసాయనం అది, ల్యాబులో తయారుచేస్తే అచ్చం ఇదే వాసనొస్తుంది." నేనూ వాసన చూశాను. నిజంగానే అరటిపండు! ఇన్నేళ్ళలో నాకు మొట్టమొదట తెలిసిన వాసన అది. నోరూరింది.

ఆయన గ్లాసు కింద పెట్టేశారు. "నాకు వాసన చాలు" అని, నా వైపు తిరిగి, "మీకు అలవాటుందా బాబూ?" అన్నారు.

ఇప్పుడు చెప్పండి. అంతా బయటపడిపోయింది. దాచడానికి మిగిలిందేమీ లేదు. "అప్పుడప్పుడండీ" అంటే అయిపోయేది. కానీ ఇరవై ఏళ్ళ అలవాటు మెదడు కంటే ముందు నోటి దగ్గరికొచ్చేసింది.

"ఛఛ! నాకెందుకండీ! అసలు ఆ వాసనే పడదు."

అనేశాక నాలిక్కరుచుకున్నాను. కానీ సుధాకర్ నా మూడు గ్లాసులూ అప్పటికే తన వైపు లాక్కున్నాడు. "అవును మాస్టారూ, పాపం వీడికి వాసన పడదు." ప్రసాద్ ఒకటి, వాడు ఒకటి, మూడోది చెరిసగం. నా కళ్ళ ముందే! "వెనిలా ఉందిరా" "లేదురా, తేనె" అని నాకు వినపడేట్టు చెప్పుకుంటూ మరీ తాగారు. గైడ్ అమ్మాయి జాలిపడి నా దగ్గరికి జగ్గు జరిపింది. "సమ్ మోర్ వాటర్, సర్?"

తిరిగి వస్తూ కార్లో మామయ్యగారు ఫోను మీద చాలాసేపు ఏదో టైపు చేశారు. ఏంటా అనుకుంటుండగానే నా ఫోను మోగింది. లలిత.

"ఏవండీ, ఫ్యామిలీ గ్రూపులో నాన్నగారు ఫొటో పెట్టారు. ఆ రాగి గోపురం ఏ గుడిదండీ?"

ఫొటోలో మామయ్యగారు రాగి పాత్రల ముందు నిలబడ్డారు. పక్కన నేను, ఉరి తీయబోయే ముందు ఫొటో దిగినట్టు. కింద రాశారు: "మా అల్లుడుగారు శ్రమపడి నాకు డిస్టిలేషన్ యూనిట్ చూపించారు. విస్కీ తయారీ విధానం చాలా శాస్త్రీయం." బావమరుదులు, పిన్నత్తలు, తోడల్లుళ్ళు, అందరూ దండాలు పెడుతున్నారు.

"ఇంటికొచ్చాక మాట్లాడదాం" అంది లలిత. ఆ గొంతులో కోపం తక్కువ, నవ్వు ఎక్కువ ఉన్నట్టనిపించింది. నా ఆశ కూడా అయ్యుండొచ్చు.

తిరుగు ప్రయాణంలో, రైల్లో, వాళ్ళిద్దరూ పక్క బెర్తుల్లో పేకాడుతుంటే, మామయ్యగారు కిటికీలోంచి చూస్తూ అన్నారు.

"మీరు తాగుతారని నాకు మీ పెళ్ళయిన కొత్తల్లోనే తెలుసు బాబూ."

నేను తల దించుకున్నాను. "మీకు నచ్చదని చెప్పలేదండీ."

"నచ్చదు. ఇప్పటికీ నచ్చదు. తాగుడుకి తండ్రుల్ని పోగొట్టుకున్న పిల్లల్ని నా క్లాసులో చూశాను. అది వేరే సంగతి." నా వైపు తిరిగారు. "కానీ నాకు నచ్చనివన్నీ మీరు దాచేస్తూ పోతే, నాకు తెలిసిన అల్లుడు ఎంత మిగుల్తాడు చెప్పండి? ఇన్నేళ్ళలో మనం వానలూ, మోకాళ్ళ నొప్పులూ తప్ప ఏం మాట్లాడుకున్నాం? నిన్న ఒక్క పూట మాట్లాడుకున్నంత ఎప్పుడైనా మాట్లాడుకున్నామా?"

నిజమే. ఆయన్ని గౌరవిస్తున్నాననుకున్నాను గానీ, నాకు తెలీకుండానే ఆయన్ని గుమ్మం బయటే నిలబెట్టేశాను. గౌరవం అనేది కూడా ఒక్కోసారి తలుపేసుకోవడానికి మంచి వంక.

"ఇక నుంచి దాచను మామయ్యగారూ" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

అక్కడితో కథ సుఖాంతం అనుకుంటున్నారు కదూ? వినండి. ఆ తర్వాతి ఆదివారం ప్రసాద్ నాకు చెప్పకుండా మామయ్యగారికే ఫోన్ చేసి పిలిచాడు. ఆయన తెల్ల చొక్కా వేసుకుని, మజ్జిగ సీసా తెచ్చుకుని వచ్చారు. ప్రతి బాటిలూ వాసన చూసి ఏది ఏ ఎస్టరో చెప్తారు. సుధాకర్ శ్రద్ధగా వింటాడు. "మాస్టారు లేకపోతే మజా లేదురా" అంటున్నారు ఇద్దరూ. ప్రతి ఆదివారం వస్తున్నారు.

ఆయనే స్వయంగా, "మీరు పుచ్చుకోండి బాబూ, నా గురించి మొహమాటపడకండి" అంటారు. నేను గ్లాసు పట్టుకుంటాను. ఎత్తబోతాను. ఆయన పక్కన కూర్చుని మజ్జిగ తాగుతూ నా వంక చల్లగా చూస్తారు. చెయ్యి లేవదండీ! ఒట్టు, మణికట్టు దగ్గరే ఆగిపోతుంది. గ్లాసు సుధాకర్ వైపు జరిపేసి నిమ్మసోడా తెప్పించుకుంటాను.

ఇదివరకు మా విస్కీ క్లబ్బులో ముగ్గురం, ముగ్గురం తాగేవాళ్ళం. ఇప్పుడు నలుగురమయ్యాం. తాగేవాళ్ళు ఇద్దరు.