గులాబి రంగు గోలీలు

గోదావరిఖనిలో ఫార్మసిస్టు రత్నమాల ఎవరని అడిగితే జనం తెల్లమొహం వేస్తారు. గోలీల మేడం అంటే ఇంటి దాకా దిగబెట్టి వస్తారు. తండ్రి గుంటూరు వైపు నుంచి బొగ్గుబాయిలో పనికి వచ్చినవాడు, ఆమె మాట మాత్రం అచ్చంగా ఇక్కడిదే. పనిచేసేది ఒక ట్రస్టు దవాఖానలో. దాని పేరు చెప్పను. అక్కడే చీటీలు రాసే వాణ్ణి, నా ఉద్యోగం నాక్కావాలి.

చదువు రాని వాళ్ళకు మందులు చెప్పడం ఆమెకే చేతనవును. “గులాబి గోలీలు రెండు ఫస్టు షిఫ్టు టైముల, తిన్నా తినకున్నా. తెల్లది ఒకటి సెకండ్ షిఫ్టు టైముల, తిన్నంకనే,” అనేది. పొద్దున వేసుకునే గులాబివి బీపీకి, మధ్యాహ్నం వేసుకునే తెల్లది షుగరుకు. బాయి దిగడం మానేసి ఏళ్ళయిన వాళ్ళు కూడా షిఫ్టుల లెక్కలోనే రోజును గుర్తుపెట్టుకుంటారు, అందుకని ఎవరూ పొరబడేవారు కాదు.

మొన్న వానాకాలంలో మందుల ధరలు తగ్గించే పథకం వచ్చింది. కంపెనీ పేరు కాకుండా మందు పేరే రాయాలి, టెండరులో ఖాయమైన ధరకే ఇవ్వాలి. అమలు బాధ్యత రత్నమాల నెత్తిన పడింది. రెండు నెలలు ఆమె ఇంటిపట్టున ఉన్నది తక్కువ. నూటపన్నెండు మందుల జాబితా తయారుచేసింది, పాత స్టాకు వెనక్కి పంపింది, వినని డాక్టర్లతో పోట్లాడింది. చవక మందంటే జనం జడుస్తారని కౌంటరులో చెప్పాల్సిన మాట కూడా తనే రాసిపెట్టుకుంది. “మందు గదే, ధరే తగ్గింది. ఎప్పటి లెక్కనే ఏసుకోండ్రి.” శుక్రవారం పథకం మొదలైంది. బీపీ, షుగరు రెండూ ఉన్న ఇరవై మూడు మందికి ఆమె ఆ మాట చెప్పి మందులిచ్చింది.

శనివారం పొద్దున తొమ్మిదింటికి, బాయిలో పనిచేసి రిటైరైన జైపాల్ కిటికీ దగ్గరికి వచ్చాడు. చొక్కా చెమటతో వీపుకు అంటుకుపోయింది.

“మేడం, కాళ్ళు చేతులు వణుకుతున్నయ్. గులాబి గోలీలు రెండేసుకున్న, ఎప్పటి లెక్కనే. టిఫిను గూడ తిన్న.”

“ఏది, చూపియ్యన్నా.”

అతను జేబులోంచి తీసి చూపించాడు. రత్నమాల పొట్లం మీది పేరు చదివింది. కొత్త సరఫరాలో గులాబి గోలీ షుగరుది, బీపీది తెల్లది. స్టాకు వచ్చినప్పుడు గడువు తేదీలు చూసింది, ధరలు సరిచూసింది, రంగు మాత్రం చూడలేదు. జనానికి ఏళ్ళ తరబడి రంగులే నేర్పిన మనిషి రంగు చూడకపోవడమేమిటో నాకిప్పటికీ అర్థం కాదు.

జైపాల్‌ను డాక్టరుకు అప్పజెప్పి ఫోన్లు మొదలుపెట్టింది. ఇరవై ఒక్క మంది దొరికారు. కొందరింకా వేసుకోలేదు, వేసుకున్న వాళ్ళు అప్పటికే ఏదో ఒకటి తిన్నారు. అందరినీ దవాఖానకు రమ్మంది. మిగిలింది లింగవ్వ ఒక్కతే. కాంట్రాక్టు కూలీగా చేసిన భర్త పోయాక ఎయిటింక్లైన్ కాలనీ దగ్గర కిరాయి గదిలో ఒంటరిగా ఉంటుంది, ఫోను లేదు. పైగా శనివారం ఆమెకు ఒక్కపొద్దు, దీపం పెట్టే దాకా మెతుకు ముట్టదు. ఖాళీ కడుపున రెండు షుగరు గోలీలు వేసుకుంటే మనిషి మిగలకపోవచ్చు.

ఆటోలో నేనూ ఎక్కాను. “జల్ది పోనియ్యి తమ్మీ,” అని రత్నమాల డ్రైవరుతో నాలుగుసార్లు అంది. ముసలామె చచ్చిపోతుందేమోనన్న భయం వెంటే, చవక మందులు ప్రాణం తీశాయని పేపర్లో రాస్తారేమో, పథకం మూతపడుతుందేమో అన్న భయం కూడా వచ్చిందట. అలాంటప్పుడు పథకం గుర్తొచ్చినందుకు సిగ్గుతో చచ్చిపోయానని తర్వాత నాతో అంది.

తలుపు తీసే ఉంది. లింగవ్వ పొయ్యి పక్కన గోడకు ఒరిగిపోయి ఉంది. కళ్ళు సగం మూతపడ్డాయి, ఒళ్ళు చల్లగా తగిలింది. రత్నమాల చక్కెర డబ్బా వెతికి, నీళ్ళలో కలిపి పెదవులకు తాకించింది. లింగవ్వ తల అడ్డంగా ఊపింది.

“ఒక్కపొద్దు బిడ్డ.”

“దేవునికి నేను చెప్పుకుంట అవ్వా. తాగు, నీ కాళ్ళు మొక్కుత.”

గుక్క గుక్కగా గ్లాసు ఖాళీ అయింది. పావుగంటకు చూపు నిలిచింది. అప్పుడు రత్నమాలకు ఏడుపు ఆగలేదు. రంగులు మారాయని, తప్పంతా తనదేనని చెప్పింది. దవాఖానకు పోదామని, ముందు ఆ గోలీల పొట్లం ఇమ్మని చెయ్యి చాపింది.

లింగవ్వ రొంటిన దోపుకున్న పొట్లాన్ని రెండు చేతులతో అదిమి పట్టుకుంది. అంతసేపూ లేని భయం అప్పుడు ఆమె ముఖంలో కనబడింది.

“వాపస్ తీస్కపోకు బిడ్డ. ఇన్నేండ్లు సగం నెలకే కొనుక్కున్న. నువ్వు రెండు చెప్తే ఒక్కటే ఏసుకుంటుంటి. గీ నెల ధర తగ్గి పూరాగ దొరికినయని ఇయ్యాల రెండేసుకున్న.”

రత్నమాల చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఎనిమిదేళ్ళలో లింగవ్వ ఆమె చెప్పింది చెప్పినట్టు చేసిన మొదటి రోజు అదే.