మోతీ చుట్టూ ఎర్ర టేపు

ఒక్క పూటలో అమ్మను ఏడిపించి, మా కుక్క మోతీ దృష్టిలో శాశ్వతంగా వెధవనైపోయిన వైనం చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

అప్పటికి భిలాయి స్టీలు ప్లాంటు సేఫ్టీ విభాగంలో చేరి మూడు నెలలు. రోజుకో ప్రమాదం కనిపెట్టకపోతే నాకు అన్నం సహించేది కాదు. ఓ సోమవారం పొద్దున్న, సెక్టర్ సెవెన్‌లోని మా క్వార్టరు పెరట్లో, మోతీ నోరు మూయలేక చొంగ కారుస్తోంది. నీళ్ల గిన్నె దాకా వెళ్లి, తాగలేక వెనక్కొచ్చింది.

"ఏటయిందిరా దీనికి? నోట్లో ఏటో ఇరుక్కున్నట్టుంది, సూడు!" అంది అమ్మ.

"దగ్గరికెళ్లకమ్మా! చొంగ, నీళ్లంటే భయం. ఇది రేబిసే!"

"ఏటేటా సూదులేయిస్తన్నాం కదరా?"

"సూదులు ఫెయిలవ్వవేటి?"

మోతీని జామచెట్టుకు కట్టేసి, చుట్టూ ఎర్ర టేపు లాగి, 'ప్రమాదం' అని హిందీలో రాసిన అట్ట వేలాడదీశాను. నీళ్లు చూస్తే రెచ్చిపోతుందని గిన్నె కూడా తీసేశాను. మంచి కుక్కను చంపాలంటే పిచ్చిదని ముద్ర వేయాలంటారు. నేను ముద్రతో ఆగక బోర్డు కూడా పెట్టాను.

దుర్గ్‌లో ఉన్న పశువుల డాక్టరుకు ఫోన్ చేశాను.

"నోట్లో చూశారా?" అన్నాడాయన హిందీలో.

"చూసే దశ దాటిపోయింది డాక్టర్ సాబ్!"

మే నెల ఎండ. అమ్మ టేపు ఇవతల కూర్చుని, "ఓలమ్మా, ఎంత కష్టమొచ్చిందే నీకు" అని కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. మోతీ మాత్రం నన్నే చూస్తూ, మెల్లగా తోక ఊపుతోంది. అయినా గిన్నె తిరిగి పెట్టలేదు.

మధ్యాహ్నం దాటాక డాక్టరొచ్చాడు. టేపు చూశాడు, అట్ట చదివాడు, నన్ను చూశాడు. గ్లవ్స్ తొడుక్కుని, టార్చి వేసి, పై పళ్ల మధ్య అడ్డంగా బిగుసుకున్న ఎముక ముక్కను పటకారుతో లాగి నా అరచేతిలో పెట్టాడు.

"భయ్యా, దీనికి మటన్ ఎముక ఎవరు పెట్టారు?"

ఆదివారం అమ్మ చూడకుండా వేసింది నేనే. ఆ మాట నేను చెప్పక్కర్లేకపోయింది, నా మొహమే చెప్పేసింది. అమ్మ లేచి, చెట్టుకున్న అట్ట విప్పి, నా మెడలో వేసింది.

మోతీ అరబకెట్టు నీళ్లు తాగింది. డాక్టరు చెయ్యి నాకింది, అమ్మ కాళ్లకు చుట్టుకుంది, నన్ను దాటుకుని వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఆరేళ్లు బతికింది. నేను గిన్నెలో నీళ్లు పోస్తే మూతి పెట్టేది కాదు. అమ్మ వైపు చూసేది. "తాగవే, పర్వాలేదు" అని అమ్మ అంటేనే తాగేది.

ఆ ఎముక ఇప్పటికీ నా బీరువాలో ఉంది. దాని మీద ఒట్టేసి సకల జీవరాశి ముందూ చెబుతున్నాను: ఇక ఏ ప్రాణికీ నా చేత్తో బోర్డు కట్టను. కట్టినా, నీళ్ల గిన్నె మాత్రం తీయను.