గాల్లోంచి మిస్డ్ కాల్

నిన్న సాయంత్రం రాయ్‌పూర్‌లో ఫ్లైట్ దిగి ఫోన్ ఆన్ చేశాను. అమ్మ మెసేజ్.

"మీ మావయ్య ఎల్లిపోయాడే."

దారిలో విమానంలోంచి ఆయనతో మాట్లాడానే! ఎలా నమ్మమంటారు?

భిలాయ్‌లో పవర్ హౌస్ మార్కెట్‌లో ఫ్యాన్లు, స్విచ్చులు అమ్మే మా మావయ్య మన ఊరివాళ్లు మీ అందరికీ తెలుసు. ఆయన మిస్డ్ కాల్స్ ఇంకా బాగా తెలుసు. ఎక్కడికెళ్లినా బయల్దేరాక ఒకటి, చేరాక ఒకటి. మనం తిరిగి చెయ్యాలి. అదీ మా ఇంటి పద్ధతి.

నన్ను చూడటానికి మొదటిసారి దుబాయ్ వస్తూ, విమానంలో ఫోన్ కలుస్తోందని మురిసిపోయాడు. సగం భిలాయ్‌కి మిస్డ్ కాల్ కొట్టాడు.

అందరం తిరిగి చేశాం!

అన్నీ ఎత్తి, మబ్బులు ఎలా ఉన్నాయో ఒక్కొక్కరికీ వర్ణించాడు. గాల్లో వచ్చే కాల్ ఎత్తితే, ఎత్తినవాళ్లకి కూడా బిల్లు పడుతుందని ఎవరికి తెలుసు?

ఆ బిల్లు చూసి అత్తయ్య ఆయన్ని తిట్టిపోసింది.

మావయ్య ఊరుకునే రకమా! ఫోన్ రేట్ల మీద జనం మాట వింటామని రాయ్‌పూర్‌లో అధికారులు మీటింగ్ పెడితే, ఇస్త్రీ చొక్కా వేసుకెళ్లి మైక్ అందుకున్నాడు.

"ఆటోవాలా భీ బిఠానే సే పహలే రేట్ బతాతా హై, సాబ్!"

ఆటోవాడు కూడా ఎక్కించుకునే ముందే రేటు చెప్తాడు కదా, అలాగే విమానంలో ఫోన్ కలిసే ముందే రేటు చెప్పాలట. దానికి సర్కారు హద్దు పెట్టాలట. హాలంతా నవ్వారు.

ఇంటికొచ్చాక మేమూ నవ్వితే మా మీద అరిచాడు. "ఇక్కడెవుడికో పేణం మీదికొచ్చి, మనవాళ్లు గాల్లో ఉంటే? రేటుకి బయపడి మాటాడకుండా ఉండిపోవాలేటి?"

నిన్న గాల్లో ఉన్నది నేను. ఆసుపత్రిలో ఉన్నది ఆయన.

విమానంలో మాట్లాడే ప్యాక్ వేసుకుని ఆయనకి ఫోన్ చేశాను. గొంతు బాగా పీలగా ఉంది.

"గాల్లోంచేనేటే? రేటు అడిగినావా?"

"అడగక్కర్లేదు మావయ్యా, ముందే చెప్పారు."

"అయితే మాటాడు. ఆయిగా మాటాడు."

ముందే చెప్పడం ఆయన వల్లే వచ్చిందని నా నమ్మకం. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి.

మాట్లాడుతూనే ఉన్నాను. కొట్లో కౌంటర్ మీద కూర్చోబెట్టి నాకు బజ్జీలు తినిపించడం, వైశాలి నగర్‌లో మా ఇంటి దాకా స్కూటర్ మీద దింపడం, అన్నీ. ఆయన ఊఁ కొడుతూనే ఉన్నాడు. ఫోన్ పెట్టెయ్యమని ఒక్కసారి కూడా అనలేదు.

నువ్వంటే నాకు చాలా ఇష్టం మావయ్యా. అది కూడా చెప్పాను, విన్నావు. అంతే చాలు.

ఇంక ఏ నొప్పీ లేకుండా ప్రశాంతంగా ఉండు.

చేరాక మిస్డ్ కాల్ ఇవ్వు. రేటెంతైనా తిరిగి చేస్తాను.