పెదనాయన చెంబులో ఓట్లు

మొన్న ఎన్నికల ఫలితాలు వచ్చిన మరునాడు పొద్దున, ఆదోనిలో నాతోపాటు నడకకు వచ్చే రిటైర్డు మిత్రుడొకాయన, గ్రౌండు చుట్టూ నాలుగు చుట్లు పూర్తయ్యే లోపల, ఓట్లు ఎట్లా మాయమైనాయో నాకు సవిస్తరంగా వివరించినాడు. మామూలుగా రెండో చుట్టుకే ఆయాసపడే మనిషి ఆ రోజు ఎక్కడా ఆగలేదు. కోపం గుండెకు చెడుపంటారు గాని కాళ్లకు మాత్రం మంచిదే అనిపించింది. చివరకు చేతిలో ఫోను పట్టుకొని బెంచీ మీద కూలబడి, తన వీధిలో ఒక్కొక్కరినీ అడిగినాననీ, అందరూ మనకే వేసినామన్నారనీ, మరి ఆ ఓట్లన్నీ యాడికి పోయినట్టనీ నన్ను నిలదీసినాడు. కెమిస్ట్రీ చెప్పినవాణ్ని గనక ఇటువంటి మాయలన్నీ నాకు తెలిసి ఉంటాయని ఆయన నమ్మకం. ఆ ప్రశ్నను నేను ఇంతకుముందు ఒకసారి, ఇదే గొంతులో, ఇదే బాధతో విన్నాను. అప్పుడు అడిగినాయన చేతిలో ఫోను లేదు, ఇత్తడి చెంబు ఉండేది.

ఆయన మా పెదనాయన. మా ఊరు ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమ ఉంటుంది. బస్సు ఆగితే ఊరు, ఆగకపోతే కిటికీలోంచి కనిపించి వెనక్కు పోయే నాలుగు చెట్లు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అక్కడ ఆయనే సర్పంచు. పోటీ అనే మాటే లేదు. పెద్దలు నలుగురూ మా అరుగు మీద కూర్చొని, మా పెద్దమ్మ పెట్టిన కాఫీ తాగి, ఏకగ్రీవమని లేచిపోయేవాళ్లు. ఏకగ్రీవమంటే ఊరంతా ఒకే గొంతు అని మా తెలుగు అయ్యవారు చెప్పినాడు. ఆ గొంతు ఎవరిదో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. అట్లని మా పెదనాయన చెడ్డవాడనుకునేరు. ఎవరికైనా కాన్పు కష్టమైతే బండి కట్టించి ఆదోని ఆసుపత్రికి తానే వెంట పోయేవాడు, అన్నదమ్ముల పొలం తగాదాలు కోర్టు మెట్లెక్కకుండా తీర్చేవాడు. ఊరికి తానంటే ప్రాణమని ఆయన అనుకునేవాడు. ఊరు కూడా, ఆయన ముందర, అట్లే నడుచుకునేది.

ఎనభైల మొదట్లో, నేను ఆదోనిలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ డిమాన్‌స్ట్రేటరుగా చేరిన కొత్తలో, పంచాయతీ ఎన్నికలు వచ్చినాయి, మొట్టమొదటిసారి ఆయన మీద ఒకరు నామినేషను వేసినారు. వేసినాయన బస్టాపు కాడ సైకిలు షాపు పెట్టుకున్న మనిషి; వాళ్ల నాయన మా ఇంట్లో జీతగాడు, తాను చిన్నప్పుడు మా బర్రెలు కాసినవాడు. ఎమ్మిగనూరుకు పోయి పంక్చర్ల పని నేర్చుకొని వచ్చి, షాపు ముందర ఒక బల్ల వేసి, బల్ల పక్కన ఒక రేడియో పెట్టినాడు. పెదనాయనకు దెబ్బ తగిలింది ఎన్నికల నాడు కాదు, ఆ బల్ల వేసిన నాడే అని నాకు ఇప్పుడు అర్థమవుతుంది. అంతకుముందు ఆయన వీధిలో వస్తూంటే కూర్చున్నవాళ్లు లేచి తలగుడ్డ తీసి చంకలో పెట్టుకునేవాళ్లు. ఆ బల్ల మీది కుర్రోళ్లు లేచేవాళ్లు కాదు. ఎగతాళి చేయలేదు, తల తిప్పుకోలేదు. కూర్చున్న చోటునుంచే, నిండు మర్యాదగా, నమస్తే పెద్దాయనా అనేవాళ్లు. ఆ నమస్తే విన్న రోజు ఆయనకు అన్నం సయించేది కాదు. తిట్టి ఉంటే పిలిపించి పంచాయతీ పెట్టవచ్చు, నమస్తే పెట్టినందుకు ఏమని పెడతారు?

ఎన్నిక నడపడానికి ఆలూరు పక్కనుంచి ఒక అయ్యవారు వచ్చినాడు. కూలి చేసుకొని బతికే క్రైస్తవ కుటుంబంలో పుట్టి, చదువుకొని, అప్పుడప్పుడే ఉద్యోగం ఖాయమైన మనిషి. అంతకుముందు ఏ పని మీద వచ్చిన అధికారి అయినా మా ఇంట్లోనే భోంచేసేవాడు. ఈయన మాత్రం, పోటీలో ఉన్నవాళ్ల ఇంట్లో నీళ్లు కూడా ముట్టకూడదని పైవాళ్లు చెప్పినారని చేతులు జోడించి చెప్పి, బడి వెనక వేపచెట్టు నీడన కూర్చొని, క్యారియరులో తెచ్చుకున్న జొన్నరొట్టె తిన్నాడు. ఆ రొట్టె తర్వాత చాలా పని చేసింది.

ఓట్లు పడిన రోజే బడిలో లెక్క తేలింది. పెదనాయన గొడుగు గుర్తు ఓడిపోయింది, సైకిలు షాపు ఆయన నిచ్చెన గెలిచింది. ఏ పదో పన్నెండో ఓట్ల తేడా అయితే అదృష్టం మీద తోసేయవచ్చు. ఇది అదృష్టం మోయగలిగినంత బరువు కాదు.

మూడు రోజులు ఆయన గడప దాటలేదు. నాలుగో రోజు చేతిలో ఇత్తడి చెంబు, జేబు నిండా వేరుశెనక్కాయలు పెట్టుకొని ఓట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టినాడు. మొదటి శెనక్కాయ మా ఇంట్లోనే పడింది, అది నాది; ఓటుకని వచ్చి నేనింకా ఊళ్లోనే ఉంటిని. తర్వాత ఇల్లిల్లూ తిరిగినాడు. గడప ముందర నిలబడి, ఎవరికి ఏసినారప్పా అని అడిగేవాడు. నీకు గాక ఎవరికి ఏస్తాం పెద్దాయనా అనేవాళ్లు. ఇంట్లో ఎన్ని తలకాయలుంటే అన్ని కాయలు చెంబులో పడేవి. మీరే ఆలోచించండి, తాతల నాటినుంచీ ఎదురు చెప్పి ఎరుగని మనిషి గడపలోకి వచ్చి, మొహంలోకి చూసి అడిగితే, కాదనడం మా ఊళ్లో ఎవరికీ ఎవరూ నేర్పలేదు. పోలింగు నాడు మద్దికెర పక్క కూలికి పోయి వారం తర్వాత తిరిగొచ్చినవాళ్లు కూడా నీకే ఏసినామన్నారు. చెంబు నిండి రెండో చెంబు తీసుకోవలసి వచ్చింది. అంతా అయినాక చూస్తే, పెట్టెలో పడిన మొత్తం ఓట్లకంటే శెనక్కాయలే ఎక్కువైనాయి. ఆయన చెంబును అనుమానించలేదు, పెట్టెను అనుమానించినాడు.

ఇంక తేలవలసింది ఎట్లా చేసినారనేది ఒక్కటే. ఆ శనివారం నేను ఊరికి పోయేసరికి అరుగు మీద పదిమంది పోగై ఉన్నారు. ముద్ర వేసినాక చెరిగిపోయే ఇంకు ఏదైనా ఉంటుందా అని పెదనాయన నన్ను అడిగినాడు. రంగు పోయే మందు ఉండనైతే ఉంది; లాబులో ఫినాఫ్తలీన్ అని ఒకటి, సున్నపు నీళ్లు తగిలితే గులాబి రంగుకు తిరుగుతుంది, గాలికి కాసేపుంటే తెల్లబడుతుంది. అంతవరకు చెప్పి నోరు మూసుకొని ఉంటే మర్యాదగా ఉండేది. కాని పదిమంది నోళ్లు తెరుచుకొని వింటూంటే నాకు నాలుక దురద పుట్టింది. గొడుగు మీద వేసిన ముద్ర అరగంటలో ఆవిరై, పక్కనే ఉంది గదా అని నిచ్చెన ఎక్కి కూర్చుంటుందని కూడా చెప్పినాను. నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. ఒకాయన మాత్రం తొడ మీద చరుచుకొని, అదీ సంగతి అన్నాడు.

ఆ మాట నాకంటే ముందే బస్సెక్కింది. సోమవారం నేను ఆదోనికి తిరిగిపోతూంటే కండక్టరే నాకు కథంతా చెప్పినాడు. ఇంకు బొంబాయినుంచి సోడా బుడ్లలో వచ్చిందంట, అయ్యవారు దాన్ని రొట్టె క్యారియరు అడుగు గిన్నెలో దాచిపెట్టినాడంట, మా ఇంట్లో భోంచేయకపోవడం అందుకేనంట. ఈ గుట్టంతా ఆదోని కాలేజీలో ఒక పెద్ద సైంటిస్టు బయటపెట్టినాడంట సార్ అని కూడా చెప్పి, నాకు టిక్కెట్టు కొట్టినాడు. మా కాలేజీలో నాకు అంత పేరు లేదు.

అరుగు మీద కూర్చునేవాళ్లు దానికి తలా ఒక చేయి వేసినారు. కూలోళ్లు కొత్తగా గొంతెత్తి మాట్లాడుతున్నారని ఒకాయనకు కడుపుమంట, తన కొడుకుకు రాని ఉద్యోగం ఎవరి కొడుక్కో వచ్చిందని ఇంకొకాయనకు, గుళ్లో తీర్థం తీసుకునే వరస మారిపోయిందని మరొకాయనకు. ఇవన్నీ నేరుగా చెప్పుకోవడానికి సిగ్గు. ఇంకు గురించి అయితే ఎంతసేపైనా మాట్లాడవచ్చు.

పెదనాయన పై ఆఫీసరుకు అర్జీ రాయించి ఎమ్మిగనూరులో టైపు చేయించినాడు: అయ్యవారు ముద్ర ఇంకు మార్చినాడు, ఆయనను తీసేసి విచారణ జరపాల, సాక్షి రసాయన శాస్త్ర నిపుణుడైన మా తమ్ముని కొడుకు. ఆదివారం నేను సంతకం పెడితే పంపడమే మిగిలింది. ఈ కబురు తెలిసి కూడా నేను దాన్ని ఇంకా తమాషాగానే చూస్తున్నానని చెప్పుకోవడానికి ఇప్పుడు కొంచెం సిగ్గుగానే ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం ఆ అయ్యవారు లాబుకు వచ్చినాడు. ఆలూరు బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది, చొక్కా అంతా దుమ్ము. కూర్చోమంటే కూర్చోలేదు. నేను సంజాయిషీకి నోరు తెరిచేలోపల ఆయనే అడిగినాడు.

“సార్, అట్లాంటి ఇంకు నిజంగా ఉందా? నాకిచ్చిన ప్యాడు ఆఫీసువాళ్లు ఇచ్చిందే. దాంట్లో ఏముండెనో నాకు తెలీదు. రేపు ఎంక్వైరీలో అడిగితే ఏమని చెప్పేది?”

తనను ఇరికించిన నన్నే సలహా అడుగుతున్నాడు. వాళ్ల ఇంట్లో బడి మొహం చూసిన మొదటి మనిషి తానేననీ, తన జీతం మీదనే చెల్లెలు నర్సు చదువు చదువుతోందనీ, నేను అడగకుండానే చెప్పినాడు. తప్పు చేయలేదని గట్టిగా అనడానికి కూడా భయపడుతున్నాడు, ఎందుకంటే కాలేజీ సారు ఉందన్నాడు కాబట్టి ఉండే ఉంటుంది. నా చదువు మీద అంత గౌరవం చూపించిన మనిషి నా సర్వీసు మొత్తంలో ఇంకొకరు లేరు.

ఆదివారం పొద్దున అరుగు మీద నేనూ పెదనాయనా ఇద్దరమే ఉన్నాము. లోపల నడవలో పెద్దమ్మ చేటలో బియ్యం పోసుకొని రాళ్లు ఏరుతూంది. ఆయన పెన్ను మూత తీసి నాకిచ్చినాడు. అటువంటి ఇంకు లేదనీ, నేను తమాషాకు అన్నాననీ చెప్పినాను. నమ్మలేదు, నిన్నెవరో బెదిరించినారన్నాడు. కుట్ర అనేదానికి ఉన్న వసతి అది, కాదన్నవాడు కూడా అందులోనే చేరిపోతాడు. చెంబు నా ముందుకు జరిపి, ఇదంతా అబద్ధమా అయితే అని అడిగినాడు. ఇంక నా దగ్గర చెప్పడానికి మిగిలింది ఒక్కటే మాట.

“నేను నీకు ఏయలేదు పెదనాయనా.”

ఆయన చేతిలో పెన్ను మూత అట్లే ఉండిపోయింది. ఎందుకని అడిగినాడు. మన బావి కాడ మనవాళ్లు తోడుకునేదాకా కూలోళ్ల వీధి ఆడోళ్లు బిందెలు పెట్టుకొని నిలబడి ఉంటారు, వాళ్ల వీధిలో బోరింగు ఏపిస్తానని సైకిలు షాపు ఆయన అన్నాడు, అందుకని చెప్పినాను. ఆడోళ్లు నిలబడటం ఆయనకు తెలియని సంగతి కాదు. అది నా కంట పడిందనేదే తెలియదు.

“మరి ఆ పొద్దు నీకే ఏసినానని చెప్తివి గదరా?”

“అడిగింది నువ్వు గదా పెదనాయనా. ఇంకేమని చెప్పేది?”

ఆయన చెంబులోకి తొంగి చూసినాడు. అన్ని రోజులూ అందులో ఓట్లు చూసినాయన, అప్పుడు ఆ గడపలు చూసినట్టున్నాడు. అంతలో నడవలోంచి పెద్దమ్మ, చేటలోనుంచి తల ఎత్తకుండానే అనింది.

“నాది కూడా తీసేయండి. ఇన్నేండ్లు మీ పంచాయతీకి కాఫీలు కాసినాను. ఇంక చాలనిపించింది.”

మా ఇంట్లో ఇటువంటిది ఎప్పుడూ జరగలేదు కాబట్టి తర్వాత ఏమవుతుందో నాకూ తెలియదు. ఆయన నా చేతిలోంచి పెన్ను తీసుకొని మూత పెట్టినాడు. ఒకసారి పెద్దమ్మ వైపు, ఒకసారి నా వైపు చూసినాడు. గొంతులో దగ్గులాంటిది ఒకటి వచ్చింది. కాసేపైనాక గాని అది నవ్వని మాకు తెలియలేదు.

“అంటే ఆ అయ్యవారు ఏమీ చేయలేదంటావు.”

“ఏమీ చేయలేదు.”

“రొట్టె తిన్నాడు, అంతే.”

“అంతే.”

పిప్పిపన్ను పీకించుకొని వచ్చినవాడి మొహం చూసినారా ఎప్పుడైనా? నొప్పి ఉంటుంది, కాని ఇంక అది పోయే నొప్పి. బొంబాయినుంచి తన మీదకు ఎవరూ రాలేదు, తన వెనక ఏ గూడుపుఠాణీ జరగలేదు. రోజూ చూసే మనుషులే వరసలో నిలబడి, తమకు తోచిన గుర్తు మీద ముద్ర వేసి ఇంటికి పోయినారు. ఓడిపోయినానని ఒప్పుకోవడం, కుట్రను మోయడంకంటే ఇంత తేలికని ఆయన అనుకొని ఉండడు. ఆ శెనక్కాయలు ఏంచమని పెద్దమ్మతో చెప్పినాడు. ఊరి ఓట్లన్నీ మేము ముగ్గురం కూర్చొని ఒలుచుకొని తింటిమి. తినగా మిగిలినవి నాకు పొట్లం కట్టిచ్చినారు. పొట్లం కట్టిన కాగితం ఎమ్మిగనూరులో టైపు చేసింది.

మరునాడే ఆలూరు పోయి అయ్యవారికి చెప్పినాను. రెండుసార్లు చెప్పించుకున్నాడు. తర్వాత, బడి వరండాలో నేను కూర్చోమని అనకుండానే, కూర్చున్నాడు. అరుగు మీదివాళ్లందరూ మారినారని చెబితే అబద్ధమవుతుంది. పెదనాయనను కూడా కొనేసినారని ఇద్దరు ముగ్గురు చెప్పుకున్నారు. ఆయన దానికి కూడా నవ్వినాడు.

ఆయన మళ్లీ ఎప్పుడూ పోటీ చేయలేదు. కాని ఆ తర్వాత ఏ ఎన్నిక వచ్చినా, ఓటు వేసి రాగానే నన్ను అరుగు మీదికి పిలిచి, ఈసారి ఎవరికి ఏసినావురా, నిజం చెప్పు అని అడిగేవాడు. నేను చెప్పేవాణ్ని. తనది ఆయన చెప్పేవాడు. చాలాసార్లు రెండూ కలిసేవి కావు. నా తెలివిని గురించి ఆయన నాలుగు మాటలు అనేవాడు, ఆయన కాలాన్ని గురించి నేను రెండు అనేవాణ్ని, అంతలో కాఫీ వచ్చేది. ఆ కాఫీ ఆయనే కలిపేవాడు, ఏమంత బాగుండేది కాదు.

ఆయన పోయి చాలా ఏండ్లయింది. ఇప్పుడు నన్ను ఎవరికి వేసినావని ఎవరూ అడగరు; వీధంతా అడిగిన ఆ నడక మిత్రుడు కూడా అడగలేదు. నా ఇంటిపేరు చూసి, నా చేతిలో ఉన్న పేపరు చూసి, నేను ఎవరెవరితో తిరుగుతానో చూసి, అడగకుండానే అందరికీ తెలిసిపోతూంది. వాళ్లు అనుకున్నది నిజం కాదని చెప్పడానికి ఈ వయసులో నాకు భయమేమీ లేదు. అయితే, చెప్పాలంటే ముందు ఒకరు అడగాల కదా.