మామ చేసిన కల్లుప్పు లారీ

మా మామ, మా ఆయన వాళ్ళ నాయన, మిల్లు లారీ తోలినాయన. మిల్లు మూసేసినాక ఆ లారీ యాడికి పోయిందో ఎవురికీ తెలీదు. మా ఇంట్లోకి కొత్తగా సెల్‌ఫోను వచ్చిన కాలంలో, ముత్తియాల్‌పేట ఇంటి తిన్నె మీద కూర్చోని, ప్లాస్టిక్ రేకులు కోసి అంటించి, జానెడు పొడుగు లారీ చేసినాడు.

చేసేది ఒక ఎత్తు, రంగు ఒక ఎత్తు. కొత్తదాని మాదిరి మెరిస్తే ఆయనకు పనికిరాదు. "కడాకు మిల్లోళ్ళకు తాళంచెవి ఇచ్చేసిన దినం ఎట్టుండిందో అట్టనే ఉండాల," అనేవాడు. ఆయుధపూజకు ఆయన పాత క్లీనరు వస్తానన్నాడు. పదిహేడేండ్లు ఆ లారీలో పక్కన కూర్చున్న మనిషి. మేమేమీ చెప్పకుండానే బండిని ఆ క్లీనరు గుర్తుపట్టాల. మామకు అదొక్కటే పట్టు.

మొదట తుప్పు రంగు పూసి ఆరబెట్టినాడు. "అమ్మా, కల్లుప్పు రవ్వంత దంచియ్యి," అన్నాడు నాతో.

"ఏంది మామా, లారీతో రసం పెడతారా?"

"పెడతా. నువ్వే తాగాల."

లారీని తడిపి, అంచుల్లో, తలుపుల మీద, బంపరు మీద ఆ ఉప్పు చల్లి, పైన ఆకుపచ్చ రంగు పూసినాడు. బాగా ఆరినాక తడి కుంచెతో ఉప్పు రాలిస్తే, ఆ చోట పచ్చ లేచిపోయి కింద తుప్పు కనిపిస్తాదంట.

పూజ దినం పొద్దున్నే మా ఆయన స్కూటరు, కుట్టుమిషను, కత్తిపీట అన్నీ కడుగుతా ఉన్నా. కిటికీలో లారీ, ఒళ్ళంతా చెమటకాయల మాదిరి ఉప్పు. ఎట్టాగూ కడిగేదే కదా, మురికి బండికి బొట్టు పెడతామా అని, తడిగుడ్డతో డ్రైవరు తలుపు పైఅంచు రుద్దినా. రంగు ఇంకా పచ్చిగానే ఉండింది. బొటనవేలి గోరంత మేర గుడ్డకు వచ్చేసింది.

ఏడుపు మొగంతో పోయి చూపించినా. మామ కండ్లద్దాలు పెట్టుకోని చానాసేపు చూసినాడు.

"తలుపేనా, ఇంకేమన్నా కడిగినావా?"

"తలుపే మామా."

"వదిలెయ్. ఇప్పుడు ముట్టుకుంటే ఇంకా చెడతాది."

మిగతా ఉప్పు మధ్యాహ్నం ఆయనే నిదానంగా రాల్చినాడు.

సాయంత్రం క్లీనరు మామ వచ్చినాడు. అప్పటికి లారీని పూజలో పెట్టేసినా. చక్రాల కింద నిమ్మకాయ పట్టదు, అందుకని నిమ్మగింజలు పెట్టినా. క్లీనరు మామ బొరుగులు నములుతా వంగి చూసినాడు. మా మామ గోడ తట్టు చూస్తా ఉన్నాడు. బంపరు దాటి, మెట్టు దాటి, ఆయన వేలు నేను రుద్దిన చోటికొచ్చి ఆగింది. నమిలేది ఆపేసినాడు.

"అన్నా, ఇది మన బండే. నువ్వు మోచెయ్యి పెట్టి పెట్టి ఈడనే కదా రంగు పోయింది."

మామ ఇటు తిరిగినాడు. "ఆ ఒక్కటీ నేను చేయలేదురా. మా కోడలు చేసింది."

"ఎట్ట చేసినావమ్మా?"

"కడిగినా మామా."

"అట్టనా! పదిహేడేండ్లు నేనూ కడిగినా ఆ బండిని. ఒక్క దినమన్నా ఈయనకు నచ్చిందా అడుగు!"

మామ నవ్వుతా కుంకుమ గిన్నె తీసుకున్నాడు. ఆ తలుపుకు తగలకుండా, బానెట్టు మీద బొట్టు పెట్టినాడు.