నెమలి పిడికి ఆఖరి దెబ్బ

దయ్యాలు, గాలి సోకడం అని ఎవరైనా మొదలుపెడితే మా ఇంట్లో ముందుగా నవ్వేది నేనే. ఇప్పుడు నేను చెప్పేది విని మీరు నవ్వినా నాకు కోపం రాదు.

మాది తమిళనాడులో వేలూరు దగ్గరి గుడియాత్తం. నాయన, నేను మడత క్షవరం కత్తులకు చెక్క పిడులు చేస్తాం. సెలూన్లన్నీ బ్లేడుకు మారిపోయినా, ముచ్చటపడి పాత కత్తులు దాచుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లు కత్తి పంపిస్తే పువ్వులో, పక్షులో చెక్కిన కొత్త పిడి వేసి ఇస్తాం.

పోయిన ఏడాది ఒక రోజ్‌వుడ్ పిడి మీద నాయన నెమలిని చెక్కాడు. చెక్కడం అయిన మరునాడే పక్షవాతం వచ్చి పడిపోయాడు. కుడి చెయ్యి, మాట రెండూ పోయాయి. వేలూరు ఆసుపత్రిలో చేర్చాం. పదకొండు రోజులైనా ఆ చేతిలో చలనం లేదు. వస్తుందో రాదో చెప్పలేమన్నారు డాక్టర్లు. ఆ చెయ్యి లేకుండా నాయన ఎలా బతుకుతాడా అని నాకు ఒకటే భయం. ఆ భయం అమ్మకు కూడా చెప్పలేదు.

పన్నెండో రోజు అమ్మను ఆయన దగ్గర ఉంచి, ఆ పిడిని పూర్తి చేసి తెచ్చి చూపిద్దామని ఇంటికొచ్చాను. మిగిలింది ఒక్కటే పని. రెండు చెక్క బద్దల మధ్య కత్తిని పెట్టి, ఇత్తడి సీల దూర్చి, దాని తలను చిన్న సుత్తితో అణచాలి. ఒక్కో దెబ్బకూ కత్తిని తెరిచి మూసి చూసుకోవాలి. బిగువు చాలలేదని ఇంకొక్క దెబ్బ వేయడమే ఈ పనిలో అందరూ చేసే తప్పు. నాకు అసలే తొందరెక్కువ. అందుకే నాయన పక్కనే కూర్చుని, చాలనుకున్న చోట నా మణికట్టు పట్టేసుకునేవాడు. నాకు నలభై ఏళ్లొచ్చినా నమ్మేవాడు కాదు.

ఉదయం పదకొండు గంటలు. షెడ్డులో నేనొక్కడినే. కత్తి ఇంకా వదులుగానే అనిపించి సుత్తి ఎత్తాను. ఎవరో నా మణికట్టు పట్టుకున్నారు. తిమ్మిరి కాదు, నరం లాగడం కాదు. ఐదు వేళ్లూ విడివిడిగా తెలిశాయి. సుత్తి కిందికి దిగలేదు.

వెలుతురులో పెట్టి చూస్తే సీల పక్కన వెంట్రుకంత పగులు. ఆ దెబ్బ పడుంటే నెమలి రెండుగా చీలిపోయేది.

సుత్తి కింద పెట్టకముందే అమ్మ ఫోన్ చేసింది.

"అప్పా, గంజి తాపిస్తా ఉంటే మీ నాయన నా చెయ్యి పట్టుకున్నాడురా! కుడి చేత్తోనే! గాజులు గుచ్చుకుంటా ఉండాయి, ఇడిసిపెట్టడం లేదు. నిదానం, నిదానం అంటా ఉండాడు. సీక్రం వచ్చెయ్ నాయనా!"

వేలూరు బస్సులో అందరూ చూస్తుండగానే ఏడ్చాను.

నాయన ఇప్పుడు రోజూ షెడ్డుకు వస్తున్నాడు. ఉలి ఇంకా పట్టలేడు కానీ, గరుకు కాగితం పెట్టి పిడులు రుద్దుతాడు. ఆరోజు సంగతి అడిగితే, "గంజి కాలినాది, పట్టుకుంటిని. దానికేమిరా?" అన్నాడు.

గంజి కాలినందుకే పట్టుకున్నాడేమో. మరి అదే నిమిషంలో గుడియాత్తంలో నా చెయ్యి పట్టుకున్నది ఎవరో, ఎన్నిసార్లు ఆలోచించినా నాకు అంతుపట్టడం లేదు. పట్టకపోయినా బాధ లేదు. నాయనకు చెయ్యి వచ్చింది.